పిక్క మీద పెట్టని ప్యాడ్

నేను దయ్యాలను నమ్మను. చిన్నప్పుడు కూడా నమ్మలేదు. తెర మీద గీత వంకరపోతే ముందు తీగ చూస్తాను, తర్వాత ప్లగ్గు, తర్వాత నా ప్రోగ్రాం. ఈ సంగతిలో ఆ మూడూ చూశాను.

మణికొండలో ఉంటాను. హైటెక్ సిటీలో ఓ చిన్న కంపెనీలో పని. సూది గుచ్చకుండా, చర్మం మీద ప్యాడ్ పెట్టి కండరాల్లో, సిరల్లో ఒత్తిడి కొలిచే పరికరం మేం తయారు చేస్తున్నాం. కాలు విరిగినవాళ్లకు ఇది చాలా అవసరం. లోపల వాపు పెరిగి కండరం బిగుసుకుంటే రక్తం ఆడదు. ఎవరూ గమనించకపోతే కాలే పోతుంది.

పరీక్షల కోసం నానక్‌రామ్‌గూడ వైపు ఓ ఆసుపత్రికి వెళ్లేవాణ్ని. మాకో నియమం ఉంది. రోగిని ముట్టుకునే ముందు ప్యాడ్‌ను జెల్ దిమ్మె మీద పెట్టాలి. అరచేయంత మెత్తటి ముద్ద అది. ప్రాణం లేనిది కాబట్టి గీత సున్నా దగ్గర తిన్నగా ఉండాలి. అలా ఉంటేనే రోగి దగ్గరికి వెళ్లాలి.

ఆ మధ్యాహ్నం మంచం మీద యాదయ్య ఉన్నాడు. సెంట్రింగ్ పని చేస్తాడు, నార్సింగిలో పరంజా మీంచి పడ్డాడు. కాలికి పిండికట్టు. నొప్పి అంతకంతకూ ఎక్కువవుతోందని అతని భార్య అంజమ్మ చెబుతూనే ఉంది. మందు ఇచ్చాం, తగ్గుతుందిలే అంటోంది నర్సు.

నేను దిమ్మె తీసి ప్యాడ్ పెట్టాను. అంత నొప్పిలోనూ యాదయ్య నవ్వాడు.

“నన్ను ఇడిసిపెట్టి ఆ హల్వా ముక్కకు సూస్తున్నరేంది సారూ? దానికేం రోగమొచ్చింది?”

గీత సున్నా దగ్గర లేదు. చాలా పైన ఉంది. పైగా అలలా లేచి పడుతోంది. సిరల్లో ఒత్తిడి ఊపిరితో పాటు అలాగే కదులుతుంది. కానీ అది మనిషిలో.

ప్యాడ్ మార్చాను. తీగ మార్చాను. బల్ల అదురుతోందేమోనని అన్నీ పట్టుకుని వరండాలోకి వెళ్లాను. తేడా లేదు. తలుపులోంచి యాదయ్య కనిపిస్తున్నాడు. అతని ఛాతీ లేచి పడుతున్న తీరే ఇక్కడ గీతది. నొప్పికి అతను ఊపిరి బిగబట్టాడు. గీత కూడా ఆగింది.

ప్యాడ్ సరిగా అతుక్కోలేదేమో అనుకుని దిమ్మెను బొటనవేలితో నొక్కాను.

లోపల యాదయ్య కేక పెట్టాడు.

“ఎవలే ముట్టింది నా కాలు?”

“ఎవ్వలు ముట్టలే! నేనొక్కదాన్నే ఉన్న,” అంది అంజమ్మ. వెంటనే నా వైపు తిరిగింది. “సారూ, జర డాక్టరును పిలువుండ్రి, జల్ది!”

పిలవనక్కర్లేకపోయింది. ఆ కేకకే డాక్టరు వచ్చారు. కాలివేళ్లు మెల్లగా వంచి చూశారు, యాదయ్య విలవిల్లాడిపోయాడు. అక్కడికక్కడే కట్టు కోయించారు. వరండాలో నా తెర మీద గీత కొంత దిగింది. అతన్ని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లి పిక్క కోసి ఒత్తిడి వదిలించే వేళకు సున్నా దగ్గర తిన్నగా నిలిచింది.

కాలు దక్కింది. ఇంకాస్త ఆలస్యమైతే తీసేయాల్సి వచ్చేదన్నారు డాక్టరు.

నాకు తోచిన కారణాలన్నీ ఒక్కొక్కటే కొట్టేశాను. అతని ఒంటి మీద మా ప్యాడ్ ఏదీ లేదు. నేను నొక్కినప్పుడు దిమ్మె వరండాలో ఉంది, అతను గదిలో ఉన్నాడు. అదే పరికరం మర్నాటి నుంచి సరిగానే పనిచేసింది. నేను నొక్కడం, అతను అరవడం కాకతాళీయం అంటారు ఆఫీసులో. అయి ఉండొచ్చు. మరి ఆ ఊపిరి?

యాదయ్య ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడని అంజమ్మ ఫోన్ చేసి చెప్పింది.

జెల్ దిమ్మె పాతబడితే ముక్కలుగా కోసి పారేయడం మా పద్ధతి. దీని వంతు వచ్చినప్పుడు చాకు పట్టుకున్నాను. కోయలేకపోయాను. ఎండిపోకుండా తడిగుడ్డ చుట్టి నా సొరుగులో ఉంచాను. దాని మీద బరువేదీ పెట్టను.