పత్తి కొట్టు మీద లక్క ముద్ర

రేడియోలో మంచి తెలుగు వినిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న పొద్దున కూడా అంతే. కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఎవరో పెద్దాయన పల్లెల్లో ప్రసూతి కేంద్రాల గురించి మాట్లాడుతున్నాడు. మెత్తని గొంతు, తొణకదు, ఒత్తులన్నీ ఎక్కడివక్కడ పలుకుతున్నాయి. కేంద్రాలు ఎందుకు తెరవలేదయ్యా అంటే, మంజూరు చేసే అధికారం ఎవరిదో ఇంకా తేలలేదట, పరిశీలనలో ఉందట. లేచి రేడియో కట్టేశాను. మేనకోడలు వంటింట్లోంచి తొంగిచూసి, ఆయన నిన్నేమన్నాడత్తా అని అడిగింది. నన్నేమీ అనలేదు. నలభై ఏళ్ళ కిందట సరిగ్గా ఇలాంటి గొంతే మా ఆండాళత్త ఇంట్లో కూర్చుని, నెయ్యి వేయించుకుని అన్నం తిని పోయింది. ఆ గొంతు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు.

మాది కోవిల్‌పట్టికి ఆరు మైళ్ళ అవతల నల్లరేగడి పల్లె. పత్తి, మిరప, సజ్జ, వాన పడితే పండేవి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఆ తెలుగుకు మాకు బడి లేదు, పుస్తకం లేదు. దాన్ని తెలుగని కూడా అనేవాళ్ళం కాదు, ‘మన మాట’ అనేవాళ్ళం. అది మాట్లాడేవాళ్ళంతా ‘మనవాళ్ళు’. నేను ఈ అక్షరాలు నేర్చుకున్నది చాలా తర్వాత, నెల్లూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో. ఆండాళత్త నాకు వరసకు అత్త. శ్రీవిల్లిపుత్తూరు తల్లి పేరు మా వైపు ఇంటికొకరికి ఉంటుంది, అయినా ఆండాళమ్మ అంటే చుట్టుపక్కల అందరికీ ఈవిడే గుర్తొచ్చేది. భర్త పోయాక సేద్యమంతా తనే చేయించేది. గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. తాలూకా బోర్డులో ఒక ఆడమనిషిని నియమించాల్సి వస్తే, నోరెత్తకుండా కూర్చుంటుందని ఈవిడ పేరు రాశారట. అలా అనుకున్న మహానుభావుడెవరో గానీ, ఆమెను ఒక్కసారైనా చూసి ఉండడు.

నాకు పంతొమ్మిదేళ్ళకే భర్త పోయాడు. మా అన్న ఇంట్లో ఒక మూల కూర్చుని ఉండేదాన్ని. ఆండాళత్త ఒకరోజు వచ్చి, నా చెయ్యి పట్టుకుని లేపి, రైలెక్కించి విరుదునగర్ తీసుకుపోయింది. అక్కడి ఆస్పత్రిలో కాన్పులు చేయడం నేర్పే నర్సమ్మ ముందు నిలబెట్టింది. మా అన్న ఊరంతా నవ్వుతుందన్నాడు. “మూల కూసోని ఏడ్సేదానికి ఎవురైనా చాలు. ఈ పనికి చేతులు కావల” అంది అత్త.  నేను అక్కడ ఏడాదిన్నర ఉన్నాను. కత్తెర ఎంతసేపు ఉడకాలో, బిడ్డ అడ్డం తిరిగితే ఏం చేయాలో, కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఏ సీసాలో మందు ఎంత పోయాలో నేర్చుకుని తిరిగొచ్చాను.

ఆ రోజుల్లో తెల్లదొరలు అధికారాన్ని ముక్కలు చేసి పంచారు. వైద్యం, ఆరోగ్యం శాసనసభకు జవాబు చెప్పే మంత్రులకు ఇచ్చామన్నారు. ఖజానా తాళంచెవి మాత్రం గవర్నరు మనుషుల దగ్గరే ఉంచుకున్నారు. కింద మా బోర్డులోనూ అదే తంతు. తీర్మానం చేయడం సభ్యుల పని, దాన్ని నిలిపేయడం సర్కారు అధికారి పని. ఆండాళత్త నాలుగు సమావేశాల్లో అరిచి అరిచి, మా ఊళ్ళో ఒక ప్రసూతి కేంద్రానికి తీర్మానం చేయించింది. మందులు, సామాన్లు ఉన్న సంచి బోర్డు నుంచి వచ్చింది. నన్ను నియమించే ఉత్తర్వు మాత్రం రాలేదు. అత్త రెండు నెలలు చూసింది. తర్వాత తన పత్తి కొట్టు ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, నన్ను అందులో కూర్చోబెట్టింది. కడుపుతో ఉన్నవాళ్ళు ఉత్తర్వు కోసం ఆగుతారా అంది. అయిదారు ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఆ వేసవంతా ఒక్క తల్లి కూడా నా చేతుల్లో పోలేదు.

అప్పుడొచ్చాడు ఆయన. పెద్ద అధికారి, గోదావరి వైపు మనిషి. కేంద్రం చూడటానికని బండి దిగి, మా కట్టూబొట్టూ చూసి, మీరు తెలుగువారా అమ్మా అని అడిగాడు. సర్కారు నోట మన మాట! మా ఊళ్ళో ఎవరూ అంతవరకు వినలేదు. ఆండాళత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జొన్న సంకటి తినే ఇంట్లో ఆ రోజు వరి అన్నం వండింది. బోర్డులో అందరి మీదా నిప్పులు చెరిగే మనిషి ఆయన ఎదురుగా నేలమీద కూర్చుని విసనకర్రతో విసిరింది. ఆయన తింటూ, మీ తెలుగు మా తాతల నాటి తెలుగులా ఉందన్నాడు. ఆమె పొంగిపోయింది. “మనవాడివి గదా, నీకాడ దాచేదేముండాది సామీ. ఉత్తరువు ఇంకా రాలా. మేమే తెరిసేస్తిమి” అని చెప్పేసింది. చాలా మంచి పని చేశారన్నాడు ఆయన. ఏ రోజు తెరిచారు, సంచి ఎవరు తెచ్చారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, అన్నీ మెత్తగా అడిగాడు. అరుగు మీద ఆయన గుమాస్తా రాసుకుంటూనే ఉన్నాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? కాన్పుల పుస్తకం నేనే పరుగెత్తి తెచ్చి చేతికిచ్చాను.

మూడు వారాలకు కాగితం వచ్చింది. తీర్మానం నిలిపివేశారు. మంజూరు లేకుండా కేంద్రం తెరిచినందుకు, బోర్డు సామాను వాడినందుకు ఆండాళత్త సభ్యత్వం పోయింది. సాక్ష్యం ఏమిటంటే ఆమె మాటలే, భోజనం ముందు కూర్చుని చెప్పిన మాటలే, ఇంగ్లీషులో. రెవెన్యూ మనిషి వచ్చి సంచిని కొట్లో పెట్టించి, తాళం వేసి, లక్క ముద్ర కొట్టి, ఊరి మునసబుకు అప్పగించి పోయాడు. ఇక బోర్డు అధ్యక్షుడికి పండగే. ఎన్నికైన బోర్డు తీర్మానాన్ని ఆపడానికి వీళ్ళెవరని సమావేశంలో మేజా బద్దలయ్యేలా గుద్దాడు. చెన్నపట్నానికి రాశాడు. అక్కడ సభలో ఎవరో ప్రశ్న వేశారు, పరిశీలనలో ఉందని ఎవరో జవాబిచ్చారు. ఒకరికి తమ తీర్మానం నెగ్గాలి, ఇంకొకరికి తమ సంతకం నెగ్గాలి. ఆ తలుపు తీయించండ్రా అన్నవాడు ఒక్కడు లేడు.  

తలుపుకు ముద్ర ఉండగానే ఒకరోజు, మిట్టమధ్యాహ్నం. మా అన్న భార్య రంగమ్మ వదినకు నేనే పురుడు పోశాను, ఇంట్లో కత్తెర ఉడకబెట్టుకుని. ఆడపిల్ల పుట్టింది, ఏడ్చింది. వదిన నవ్వింది కూడా. తర్వాత రక్తం ఆగలేదు. చేతులతో చేయాల్సిందంతా చేశాను. మందు సీసా వీధి చివర కొట్లో ఉంది. మా అమ్మకు చేతులు ఎలా పెట్టి నొక్కాలో చూపించి పరుగెత్తాను. ఎక్కడికనుకున్నారు? కొట్టు దగ్గరికి కాదు, మునసబు ఇంటికి. ముద్ర తీయడానికి సెలవు అడగడానికి! నా ఉద్యోగం రాకుండా పోతుందేమోనని, జైలుకు పంపుతారేమోనని. ఆయన భోజనం మధ్యలో ఉన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, పైనుంచి తాకీదు లేకుండా తన వల్ల కాదన్నాడు. నేను బతిమాలుతూ అక్కడే నిలబడ్డాను. కబురు విని చేలోంచి వచ్చిన ఆండాళత్త గునపం తీసుకుని కొట్టు తలుపు మీద పడింది. ఆ చప్పుడు విని నేను పరుగెత్తేసరికి లక్క ముక్కలై గడప మీద రాలి ఉంది. సీసా తీసుకుని పోయాను. వదిన నోట్లో మందు పోస్తే లోపలికి దిగలేదు.

ఆ అధికారి అప్పుడు విరుదునగర్‌లో బస చేసి ఉన్నాడు. వదిన పదహారో రోజు కర్మ అయిపోగానే ఆండాళత్త నన్నూ పసిదాన్నీ రైలెక్కించుకుని పోయింది. ఆయన వరండాలోకి వచ్చి, రండమ్మా, కూర్చోండి, జరిగింది విని చాలా బాధపడ్డాను అన్నాడు. అత్త కూర్చోలేదు. అరవంలో జవాబిచ్చింది. ఆయనకు అరవం అంతంతమాత్రం, గుమాస్తాను పిలిపించాడు. ఆ రోజు ఆ తలుపు తీసే అధికారం ఎవరిదో పేరు చెప్పమని ఆమె అడిగింది, గుమాస్తా దాన్ని ఆయనకు తెలుగులో చెప్పాడు. అది బోర్డుకూ ప్రభుత్వానికీ మధ్య నలుగుతున్న సంగతి, తన పరిధిలో లేదని ఆయన అన్నాడు. ఆయన తెలుగులో అన్న ప్రతి మాటా ఆమెకు అర్థమైంది. అయినా గుమాస్తా అరవంలో చెప్పేదాకా ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. చివరికి ఆయనే తట్టుకోలేక, మీకు తెలుగు వచ్చుగదమ్మా, మధ్యలో ఇతనెందుకు, మనం మనం మాట్లాడుకుందాం అన్నాడు.

ఆమె గుమాస్తా వైపే తిరిగింది. “ఆ మాట మా ఇంట్లోవాళ్ళతో మాట్లాడేదని ఆయనకు చెప్పు” అంది, అరవంలోనే. ఆ గుమాస్తా తల వంచుకున్నాడు, చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆయన ముఖం చూశాను.

తిరుగు రైల్లో సాత్తూరు దాటాం. నా ఒళ్ళో పిల్ల ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను. నా తప్పు కాదని ఒక్క మాట అంటుందేమోనని చూశాను. అనలేదు. “నేను నోటితో చెప్పి చెరిపినాను. నువ్వు కాళ్ళతో పోయి చెరిపినావు. ఇంక ఎవురినీ అడగొద్దు” అంది. ముద్ర పగలగొట్టినందుకు కేసు పెడితే, పగలగొట్టినానని ఒప్పుకుని జరిమానా కట్టి వచ్చింది. ఆ మర్నాడే కొట్టు తెరిచింది. మళ్ళీ మూయించడానికి ఎవరూ రాలేదు. కొన్నేళ్ళకు మంజూరు ఉత్తర్వు వచ్చింది, తాలూకా బోర్డు పేరుతో. అప్పటికి ఆ బోర్డులనే ఎత్తేశారు, ఆండాళత్త కూడా పోయింది. కాగితం తెచ్చినవాడు ఎవరికివ్వాలో తెలియక మా అరుగు మీద పెట్టి పోయాడు.

ఆ తర్వాత నేను ఎన్ని ఇళ్ళకు పోయానో, ఎన్ని తాళాలు తీయించానో, ఎక్కడా ఎవరి సెలవూ అడగలేదు. దానివల్ల నాకు వచ్చిన తిట్లు, బదిలీలు నాకొక లెక్క కాదు. అడిగిన ఆ ఒక్కసారే నాతో ఉండిపోయింది. ఆ పిల్లకు అత్త పేరే పెట్టాం. మొన్న వంటింట్లోంచి తొంగిచూసింది అదే. వాళ్ళమ్మ కాన్పులో పోయిందని దానికి తెలుసు. నేను మునసబు గుమ్మంలో నిలబడిన సంగతి తెలియదు. రేడియో ఎందుకు కట్టేశానో దానికి చెప్పలేదు, ఇక్కడ రాసిందంతా ఆ జవాబే. దానికి అరవం చదవడం వచ్చు, తెలుగు అక్షరాలు రావు. నేనే ఎదురుగా కూర్చోబెట్టుకుని చదవాలి, మునసబు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగకుండా చదవాలి.