వరసలో మొదటి తాడు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా బీరువాల షాపు ముందు, మెట్రో పిల్లర్ పక్కన ట్రాలీ ఆటోల అడ్డా ఉంది. పొద్దున రాగానే ప్రతి డ్రైవరూ సరుకు కట్టే తన తాడును అక్కడి ఇనుప కమ్మీకి వేలాడదీస్తాడు. ముందున్న తాడు ఎవరిదైతే తరువాతి బేరం వాడిది. ఎవరి తాడు వాళ్లే వేసుకోవాలి. పక్కవాడి తాడు ముట్టుకుంటే ఆ రోజుకు అడ్డా వదిలి పోవాల్సిందే. ట్రాఫిక్ సిగ్నల్‌కు లేని విలువ మా వీధిలో ఆ కమ్మీకి ఉంది.

మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ షాపు పెట్టాడు. డ్రైవర్లు నన్ను ఆంధ్రా అక్క అంటారు. మొదట్లో అది తిట్టు, ఇప్పుడు పేరు.

ఆ మధ్య ఒక బిహార్ మనిషి పాత ట్రాలీ కొనుక్కుని అడ్డాకు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. నిలబడనిచ్చారు గానీ కమ్మీకి తాడు వేయనివ్వలేదు. "గీ బిహారోడు తాడేస్తే రేపు ఇంకో పది మంది దిగుతరక్కా" అన్నాడు అడ్డాలో పెద్దాయన. కమ్మీ ఖాళీ అయితేనే అతనికి బేరం. రెండు నెలలు తాడు చుట్టి సీటు మీదే పెట్టుకుని కూర్చున్నాడు.

ఒకరోజు పొద్దున నాగోల్‌లో నాలుగో అంతస్తుకు బీరువా పంపాలి, లిఫ్టు లేదు. మెట్లనగానే మా అడ్డా డ్రైవర్లకు నడుం నొప్పి వస్తుంది. ఇతను మాత్రం మోస్తాడు. డ్రైవర్లందరూ టిఫిన్ బండి దగ్గరున్నారు, ఇతను టీకి వెళ్లాడు. నాకు తిక్కరేగింది. షాపు నాది, సరుకు నాది, మధ్యలో ఈ కమ్మీ పెత్తనమేమిటని అతని సీటు మీది తాడు తీసి అన్నిటికన్నా ముందు వేశాను. పెద్ద ధర్మకార్యం చేసినట్టు పొంగిపోయాను కూడా. నిజానికి నాకు కావలసింది మెట్లెక్కే మనిషి.

అతను తిరిగొచ్చి కమ్మీకి అందరికన్నా ముందున్న తన తాడును చూశాడు. టిఫిన్ బండి వైపు తిరిగి దండం పెట్టాడు. వాళ్లే వేశారనుకున్నాడు. అతను ఆ తాడుతో బీరువా కట్టుకుని బయలుదేరాక గానీ వాళ్లకు సంగతి తెలియలేదు.

మధ్యాహ్నం అతను రాగానే ట్రాలీ అద్దం పగలగొట్టారు, టైర్లు కోశారు.

"ఎవన్నడిగి ఏసినవ్‌రా తాడు?"

"మీరే ఏసిన్రు కద, భయ్యా."

వెక్కిరిస్తున్నాడనుకున్నారు. రాడ్డుతో కొడితే చెయ్యి విరిగింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. నేనే వేశానని ఒక్క మాట అంటే చాలు. కానీ వీళ్లు నా సరుకు మోయం పొమ్మంటే ఒక్క బీరువా కూడా షాపు దాటదు. ఆ లెక్క తేలేసరికి కొట్టడం అయిపోయింది.

స్టేషన్‌లో ఎస్సై అడిగాడు. "అమ్మా, తాడు ఎవరు వేశారో చూశారా?"

"లోపలున్నాను సార్" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. చివరికి రాజీ అన్నారు. సిగ్గేసింది. అయినా ఇంటికెళ్లి మామూలుగానే అన్నం తిన్నాను.

పది రోజుల తరువాత అతను సిమెంటు కట్టుతో షాపుకు వచ్చాడు. ట్రాలీ అమ్మేశాడట, ఎల్బీ నగర్‌లో వాచ్‌మన్ పని దొరికిందట. తెలుగు ఏళ్లుగా ఇలాంటి అడ్డాల్లోనే హమాలీ పని చేస్తూ నేర్చుకున్నాడు కాబట్టి అచ్చం వాళ్లలాగే మాట్లాడతాడు.

"దీదీ, ఆ రోజు నా తాడు ఎవరేసిన్రో ఎరుకైతే జర చెప్పున్రి. అంతమందిల ఒక్కలన్న నన్ను మనోడనుకున్నరు. దండం పెట్టి పోత."

నాకు తెలియదన్నాను.

అతను బయటికెళ్లి, ఎవరో తెలియదు కనుక, బాగున్న చేత్తో అడ్డా మొత్తానికీ దండం పెట్టి వెళ్లిపోయాడు.