గొంతు సాక్ష్యం

మైపాడుకు ఉత్తరాన ఉన్న పాలెంలో చేపల వేలంపాట పాడే కామాక్షయ్యకు అయిదేళ్ళ కిందట గొంతు తీసేశారు. చుట్టలు కాల్చి కాల్చి తెచ్చుకున్న జబ్బు అది. మద్రాసు డాక్టర్లు స్వరపేటిక కోసేసి, ఊపిరి ఆడేందుకు మెడ కింద ఒక రంధ్రం ఉంచి ఇంటికి పంపించారు. అప్పటినుంచీ ఆయన మెడకు తుండుగుడ్డ చుట్టుకునే బయటికి వచ్చేవాడు. కట్టుకున్న భార్య అంకాలమ్మ, వైద్యం చేసిన డాక్టర్లు తప్ప ఆ రంధ్రాన్ని చూసినవాళ్ళు లేరు. కూతురు సాయిలక్ష్మికి కూడా చూపించలేదు.

పాట పాడేవాడికి గొంతు పోతే ఇంకేముంది అనుకున్నారు ఊళ్ళో. కానీ ఆస్పత్రి వాళ్ళు ఒక మిషను ఇచ్చారు. గుప్పిట్లో పట్టే చిన్న గొట్టం. దాన్ని మెడకు ఆనించి, మీట నొక్కి పెదవులు కదిపితే మాట వస్తుంది. ఆ మాటకు ఎత్తూ లేదు, పల్లమూ లేదు. డబ్బాలో ఇరుక్కున్న తుమ్మెద మోతలా ఒక్కతీరుగా జుమ్మంటుంది. మొదట్లో పిల్లకాయలు నవ్వారు. వర్తకులు మొహమొహాలు చూసుకున్నారు. నెల తిరక్కుండానే అందరికీ అలవాటైపోయింది. ఎందుకంటే ఆయన పాటలో మోసం లేదు. కొనేవాళ్ళు ముందే కూడబలుక్కుని వచ్చినా సరే, ఇంకొకడెవడన్నా పెంచుతాడేమోనని కాసేపు ఆగి చూసేవాడు. అప్పుడే వంజరం చేపైనా చందువ అయినా పాట ముగించేవాడు. బోటు వాళ్ళకు కావలసింది అదే.

వేట నిషేధం ముగిసి బోట్లు సముద్రంలో దిగిన మొదటి వారంలో, ఒడ్డుకు లాగుతున్న బోటు ఒకటి అలకు పక్కకు తిరిగి ఆయనను నెట్టేసింది. మిషను ఉప్పునీళ్ళలో పడింది. తీసి తుడిచి, రెండు రోజులు బియ్యంలో పెట్టినా పూర్తిగా బాగుపడలేదు. రెండు మూడు మాటలు పలికి గరగరమని ఆగిపోయేది. రేడియేషన్‌తో మెడ చర్మం గట్టిపడి ఉండటం వల్ల వేరే రకం మిషన్లు ఆయనకు పలకవు. అదే రకం కావాలంటే, దాన్ని తయారుచేసే విదేశీ కంపెనీ దగ్గరే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలన్నారు మద్రాసు వాళ్ళు.

ఈలోగా వర్తకులు నెల్లూరు మార్కెట్టు నుంచి తమ మనిషినొకణ్ణి తెచ్చి పాటకు నిలబెట్టారు. కామాక్షయ్య కాస్త దూరంలో, పక్కకు ఒరిగిన తెప్ప మీద కూర్చుని చూసేవాడు. ఆ మనిషి ఎవరి కళ్ళలోకి చూసి పాట ఆపుతున్నాడో ఆయనకు అర్థమవుతూనే ఉండేది. అరిచి చెప్పడానికి గొంతు లేదు.

సాయిలక్ష్మి ఇందుకూరుపేటలో రొయ్యల మేత దుకాణంలో కంప్యూటరు పని చేస్తుంది. తండ్రి పేరున ఉన్న క్రెడిట్ కార్డుతో ఆమే ఆర్డరు పెట్టింది. మొదటిసారి కుదరలేదు. విదేశాల్లో కొనడానికి ఆ కార్డుకు అనుమతి లేదని వచ్చింది. బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఆ అనుమతి తెరిచి మళ్ళీ ప్రయత్నించింది. తండ్రి ఫోనుకు వచ్చిన ఓటీపీ కూడా కొట్టింది. అంతా అయిపోయిందనుకునే సమయానికి బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. ఎన్నడూ లేనిది ఈ కార్డు మీద విదేశీ కొనుగోలు జరుగుతోంది కాబట్టి, కార్డు ఎవరిదో ఆయనతోనే మాట్లాడాలన్నది అవతలి అమ్మాయి.

కామాక్షయ్య పాత మిషను మెడకు ఆనించుకున్నాడు.

"నేను కామాక్షయ్యనే మాట్లాడతా ఉండా," అన్నాడు. సగం మాటలు గరగరలో కలిసిపోయాయి.

అవతలి అమ్మాయి మధ్యలోనే ఆపింది. "సార్, ఇది రికార్డు చేసిన గొంతులా ఉంది. కార్డు గలాయన స్వయంగా మాట్లాడాలి."

ఆయన మళ్ళీ మీట నొక్కాడు. మిషను పలకలేదు. సాయిలక్ష్మి ఫోను లాక్కుని, మా నాయనకు గొంతు లేదు, ఆ మిషను కొనడానికే ఈ తిప్పలన్నీ అని చెప్పుకొచ్చింది. ఆ అమ్మాయి మర్యాదగానే విన్నది. కానీ మోసం చేసేవాళ్ళు కూడా ఇలాంటి మాటలే చెబుతారనీ, వేరేవాళ్ళతో మాట్లాడే వీలు తమకు లేదనీ అన్నది. భద్రత కోసం కార్డు ఆపేస్తున్నామని చెప్పి ఫోను పెట్టేసింది.

కామాక్షయ్య అక్క కొడుకు శివ బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్ళ మనిషి, మామంటే ప్రాణం. సంగతి విని సాయంత్రం ఇంటికొచ్చాడు.

"దీనికింత యాతనెందుకు మామా? నేను మాట్లాడతా. నీ పుట్టిన తేదీ, అవ్వ పేరు నాకు తెలియనియ్యా? నేనే కామాక్షయ్యనని చెప్తే అయిపాయె."

సాయిలక్ష్మికి అది సబబుగానే తోచింది. డబ్బు నాయనది, కార్డు నాయనది, కొనేది నాయన గొంతు. ఇందులో మోసపోయేదెవరు?

కామాక్షయ్య తల అడ్డంగా ఊపాడు. శివ వదల్లేదు. పాటలో ఏం జరుగుతోందో కళ్ళారా చూస్తున్నావు గదా, నీకోసం కాకపోయినా బోటు వాళ్ళ కోసమన్నా ఒప్పుకోమన్నాడు. మాట రానప్పుడు రాసి చూపే పలక ఆయన తీసుకున్నాడు. అయిదో తరగతితో ఆగిన చదువు. ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాడు.

"పేరమ్మను ముంచినోడు గూడా వేరేవాళ్ళ పేరు చెప్పే మాట్లాడినాడు."

పేరమ్మ ఇల్లు అక్కడికి రెండు ఇళ్ళ అవతల. మొగుడు సముద్రంలో పోతే ప్రభుత్వం వేసిన డబ్బును, బ్యాంకు ఆఫీసరునని చెప్పి ఎవడో ఫోనులోనే ఊడ్చుకుపోయాడు. ఆ వారమంతా కామాక్షయ్య పాలెంలో గడప గడపకూ తిరిగి, మెడకు మిషను ఆనించి, ఫోనులో ఎవరడిగినా ఏమీ చెప్పొద్దని బతిమాలాడు. అలా తిరిగినవాడు ఇప్పుడు దొంగ పేరుతో మాట్లాడించలేడు. బ్యాంకు వేసిన తాళం తనకు అడ్డం వచ్చినా, ఆ తాళం పేరమ్మలాంటి వాళ్ళ కోసమేనని ఆయనకు తెలుసు.

తండ్రీకూతుళ్ళు నెల్లూరు బ్యాంకుకు పోయారు. అక్కడి గుమాస్తా కామాక్షయ్య రాసిచ్చిన చీటీ చదివి, ఇది మా చేతుల్లో లేదు, ఈ నంబరుకు ఫోను చెయ్యమన్నాడు. ఫోను చేస్తే మళ్ళీ అదే మాట, కార్డు గలాయనే మాట్లాడాలని. ఆస్పత్రి కాగితాలు తీసుకుని రెండోసారి పోయినా అంతే అయింది. మూడోసారి పోయినప్పుడు రోజారమణి అనే ఆఫీసరు కూర్చోబెట్టింది. అందరిలా ఆమె సాయిలక్ష్మితో మాట్లాడలేదు. కాగితం, పెన్ను కామాక్షయ్య ముందుకు జరిపి ఆయననే అడిగింది. ఆయన రాస్తున్నంతసేపూ కౌంటరు దగ్గర జనం పెరుగుతున్నా తొందరపెట్టలేదు.

"కార్డు ఆపింది మేము కాదండీ. హెడ్డాఫీసులో దానికి వేరే విభాగం ఉంది. వాళ్ళకు ఫోను తప్ప ఇంకో దారి తెలియదు. ఆ ఇంకో దారి చూపమని నేను అడుగుతాను," అన్నదామె.

నాలుగు ఉత్తరాలు రాస్తే తొమ్మిదో రోజుకు జవాబొచ్చింది. ఆమె గదిలోనే కంప్యూటరు ముందు కూర్చోబెట్టి వీడియోలో చూస్తారట.

తెర మీదికి ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. గుర్తింపు కార్డు మొహం పక్కన పెట్టుకోమన్నాడు. సంతకం చేసి చూపించమన్నాడు. ఆస్పత్రి కాగితం చదివి, ఏదో అడగబోయి ఆగాడు. కాగితాలు ఎవరైనా పుట్టించగలరు సార్ అని మాత్రం నెమ్మదిగా అన్నాడు.

అతను అడగలేనిది కామాక్షయ్యకు అర్థమైంది. చేతులు మెడ వెనక్కి పోయాయి. ముడి వెంటనే రాలేదు. సాయిలక్ష్మి సాయానికి లేవబోతే వద్దని సైగ చేశాడు. తుండుగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, గడ్డం పైకెత్తి తెరకేసి చూశాడు. ఊపిరి ఆడినప్పుడల్లా రంధ్రం అంచు సన్నగా కదులుతోంది. రోజారమణి కిటికీ వైపు తిరిగిపోయింది. సాయిలక్ష్మి మాత్రం చూసింది.

"చాలు సార్. కట్టుకోండి," అన్నాడు తెర మీది కుర్రవాడు తల వంచుకుని.

తిరుగు బస్సులో బాధగా ఉందా నాయనా అని కూతురు అడిగింది. అధికారులకు బోటు కాగితాలు చూపించినట్టే అనుకున్నానని పలక మీద రాశాడాయన. చాలాసేపటికి దాని కింద ఇంకో ముక్క రాశాడు: "ముడి మాత్రం తొందరగా ఊడలేదు."

కార్డు తెరుచుకున్నా పని అంతటితో తీరలేదు. మళ్ళీ ఆర్డరు పెడితే ఈసారి కంపెనీ వాళ్ళు రద్దు చేశారు. కార్డు మీద పాత పాలెం చిరునామా ఉంది, పార్సెలు పంపమన్నది ఇప్పుడుంటున్న కొత్త కాలనీ ఇంటికి. రెండూ కలవకపోతే వాళ్ళకూ అనుమానమే. రోజారమణి చిరునామా మార్పించింది. నాలుగోసారి పెట్టిన ఆర్డరు నిలిచింది. మద్రాసు కస్టమ్స్ వాళ్ళ దగ్గర కొన్నాళ్ళు ఆగి, మిషను నీళ్ళలో పడిన యాభై రెండో రోజున పార్సెలు ఇల్లు చేరింది.

కొత్తదాని మోత పాతదానికంటే సన్నం. ఆయన భార్యను పేరు పెట్టి పిలిచాడు. అంకాలమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఎవరో పరాయి మనిషి పిలిచినట్టుండాది," అని గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆయన మళ్ళీ పిలిచాడు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ పక్కనే కూర్చుంది.

ఆ వారంలోనే రోజారమణి ఫోను చేసింది. ఆయనకు గొంతు లేదని, వీడియోలోనే సరిచూడాలని ఖాతాలో రాయించానన్నది. సూళ్ళూరుపేట నుంచి మాటరాని మనిషి ఒకామె ఇదే చిక్కుతో వస్తే, ఈ దారినే ఆమె పనీ అయిందట. కామాక్షయ్య మిషను ఆనించుకుని, మంచి పని చేసినావమ్మా అన్నాడు. ఈసారి అవతల ఎవరూ అనుమానపడలేదు.

కానీ ఒడ్డున యాభై రెండు రోజులు ఎవరి కోసమూ ఆగలేదు. పెద్ద బోట్ల వాళ్ళు చాలామంది డీజిలుకని వర్తకుల దగ్గర అడ్వాన్సులు తీసుకుని వాళ్ళ పాటకే కట్టుబడిపోయారు. కామాక్షయ్య మళ్ళీ ఇసుక మీద నిలబడిన తెల్లవారుజామున నాలుగు చిన్న బోట్లు మాత్రం ఆయన వైపు వచ్చాయి. మిగతా వాళ్ళను ఆయన పిలవలేదు, తప్పూ పట్టలేదు. శివ మొదటి తట్ట తెచ్చి దించాడు. కానాగంత చేపలు, అడుగున రెండు చందువలు. ఆయన వంగి వాటిని పైకి తీసి, అందరికీ కనబడేలా పరిచి, పాట మొదలుపెట్టాడు. సన్నటి కొత్త మోత గాలికి అంత దూరం పోవడం లేదు. కొనేవాళ్ళు నాలుగడుగులు దగ్గరికి జరిగి నిలబడ్డారు.