రోహిణి దాటేదాకా

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నాతవరం దగ్గర పల్లె. అమ్మాయి తొలి పురిటికి మా ఇంటికి వచ్చింది. అన్నీ ముందే చూసుకున్నాం. నర్సీపట్నంలో ఆసుపత్రి అనుకున్నాం, సంచి సర్దాం, అవసరమైతే రక్తమివ్వడానికి అల్లుడి స్నేహితుడు ఒప్పుకున్నాడు. పక్కవీధి సింహాచలం దూరం బేరాలు మానుకుని, ఆటోని తన ఇంటి ముందే ఉంచుకున్నాడు. నొప్పులు రాకపోయినా సరే, ఉమ్మనీరు పోతే వెంటనే బయల్దేరమని ఆశా కార్యకర్త ఒకటికి పదిసార్లు చెప్పింది. తల ఊపింది నేనే.

ఆ రోజు పొద్దున్నే అమ్మాయి చీర తడిసింది. చూడగానే నాకు తెలిసిపోయింది. కానీ నా చూపు గోడ మీది క్యాలెండర్‌ మీదికి పోయింది. మధ్యాహ్నం దాకా రోహిణి నక్షత్రం. రోహిణిలో బిడ్డ పుడితే మేనమామకు గండమని మావాళ్ల భయం. మేనమామంటే నా కొడుకు. నాకున్న మగబిడ్డ వాడొక్కడే.

"ఇదేటమ్మా? ఆటోకి ఫోన్ సెయ్యమంటావా?" అంది అమ్మాయి.

"ఏటీ కాదు తల్లీ. నెలలు నిండితే ఒంటేలు ఆగదు," అన్నాను. నొప్పులు మొదలైతే దొంగనొప్పులన్నాను. తడిచీర నేనే ఉతికి ఆరేశాను. అది నమ్మింది. అమ్మను కదా!

ఇద్దరు బిడ్డల్లో ఒకరిని ఎంచుకుంటున్నానని అప్పుడు నాకు తోచలేదా? తోచలేదని మీతో అనాలనే ఉంది. తోచింది. తోసేశాను.

రోహిణి దాటాక ఫోన్ చేశాను. సింహాచలం కాళ్లకు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే అమ్మాయికి స్పృహ సరిగా లేదు. ఆసుపత్రిలో బాబు పుట్టాడు. ఏడవలేదు. ముందే తీసుకొచ్చి ఉంటే బతికేవాడని డాక్టరమ్మ అంది. ఉద్యోగం నుంచి నేరుగా అక్కడికొచ్చిన అల్లుడు ఆ మాట విని, వరండాలో సింహాచలం చొక్కా పట్టుకున్నాడు.

"అమ్మా, మీరు ఫోన్ సేసిన ఎంటనే ఒచ్చీసినాను కదా, సెప్పండమ్మా," అన్నాడతను నా వైపు చూసి.

"కాస్త లేటే అయినాది బాబూ," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా? ఇప్పటికీ నిర్ఘాంతపోతాను. తడబడలేదు కూడా! సింహాచలం నన్నలా చూసి, చొక్కా సర్దుకుని వెళ్లిపోయాడు. తర్వాత మా ఊళ్లో పురిటికి అతని ఆటో ఎవరూ పిలవలేదు.

అమ్మాయికి మళ్లీ నెలలు నిండుతున్నాయి. నిన్న ఏర్పాట్ల మాట వచ్చింది. ఎవరి ఆటో అయినా పర్లేదు గానీ సింహాచలానిది మాత్రం వద్దన్నాడు అల్లుడు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "మాయమ్మ పక్కనుంటే సాలు. నాకింకేటీ బయం నేదు," అంది.

ఆ చెయ్యి విడిపించుకుని వంటింట్లోకి పోయి నిలబడ్డాను.

వాళ్లకు చెప్పే ధైర్యం నాకు వస్తుందో రాదో. మీకు మాత్రం చెబుతున్నాను. ఆటో ఆలస్యం కాలేదు. ఆపింది నేను. ఈ రెండు ముక్కలూ రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.