రెండు కొవ్వొత్తులు, ఒక ట్యూబులైటు

ఇదొక మహాగాథ అనుకోండి. కాదు, నేను కొవ్వొత్తులు ఊదేసిన సంగతి.

తాండూరులో మా పైవాటాలో ఒక యూదు అక్క ఒంటరిగా ఉండేది. ముంబై మనిషే, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ మా మాట నేర్చింది. ప్రతి శుక్రవారం సాయంత్రం, వాళ్ల వారపు విశ్రాంతి పండుగ మొదలయ్యే వేళ, మెట్ల మీంచి పిలిచేది: "తమ్మీ, సబ్బాతు బువ్వకు రా. ఒక్కదాన్నే తింటే ఉత్త తిండి. ఎవరన్న కూసుంటేనే పండుగ."

ఒకసారి వెళ్లాను. ట్యూబులైటు కిందే రెండు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. కరెంటొచ్చాక ఆర్పడం మా ఊరి మర్యాద. ఊదేశాను, అక్క చెయ్యి అడ్డం పెట్టేలోపే.

"అయ్యో! అగ్గిపెట్టె ఏది అక్కా, ముట్టిస్త."

"వద్దు. అవి సబ్బాతు దీపాలు, ఇయ్యాల పొద్దుగూకినంక మేం అగ్గి ముట్టియ్యం. తిను, చల్లారుతది."

సిగ్గుతో తర్వాతి శుక్రవారాలన్నీ "డ్యూటీ ఉందక్కా" అన్నాను. నాకు ఉద్యోగమే లేదని ఆమెకు తెలుసు. అయినా పిలిచేది. బదిలీ అయ్యేదాకా ఒక్కతే తింది.

ఇప్పుడా గదిలో కందిపప్పు బస్తాలు పెట్టాం. చెమ్మ లేదు, పురుగు పట్టదు.