తెల్ల బండికి దారిచ్చిన మంద

వంకర పాదంతో పుట్టిన శివాని అనే పాపకు వారం వారం సిమెంటు పట్టీ మార్చి, పాదం తిన్నగా చేసి, రాత్రిళ్లు తొడగమని బూట్లిచ్చి పంపింది మా దవాఖానే. పాప పెరిగి బూట్లు బిగుతయ్యాయని తల్లి లక్ష్మమ్మ ఒకసారి ఫోన్ చేసింది. ఆ తర్వాత మేం ఎన్నిసార్లు చేసినా ఆ ఫోన్ కలవలేదు. నేను పిల్లల వార్డు నర్సును. మనసు ఊరుకోక సెలవు పెట్టి కల్వకుర్తి బయల్దేరాను.

హైదరాబాద్‌లో పొద్దున్నే శ్రీశైలం బస్సెక్కితే టిఫిన్ వేళ దాటకుండా కల్వకుర్తిలో దిగొచ్చు. ఛార్జీ రెండొందలు పట్టుకుంటే చాలు. బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. పల్లి చట్నీ బాగుంది, ఆ రోజు మొత్తంలో బాగున్నది అదొక్కటే. అక్కడి నుంచి ఊళ్లు తిరిగే పిల్లల వైద్య బృందం వ్యానులో ఎక్కాను. పాప బూట్ల సంగతి మా దవాఖాన వాళ్లకే అప్పజెప్పింది, నేనూ వస్తానని ముందే అడిగి పెట్టుకున్నాను లెండి. బృందమంటే డాక్టరు, ఫిజియోథెరపిస్టు, సిస్టర్ సుజాత.

"డాక్టరు సారు పెద్ద బూట్లు రాసిండు, థెరపీ సారు తెప్పిచ్చిండు. గవి బండిలనే ఉన్నయి మేడం," అంది సుజాత. "ఇయ్యనీకి నేను ఎన్నిసార్లో పోయిన. పోయినప్పుడల్లా తాళమే."

ఎవరి పని వాళ్లు చక్కగా చేశారు. పాప కాలికి మాత్రం బూట్లు లేవు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పాప వాళ్ల ఊరు చేరేసరికి ఆ రోజూ ఇంటికి తాళమే. "ఎప్పుడొస్తరవ్వా?" అని సుజాత పక్కింటి ముసలమ్మను అడిగింది.

"వానలు పడ్డంక. ఎప్పుడొస్తరని ప్రతిసారి అడుగుతవు బిడ్డా, యాడున్నరని ఒక్కనాడన్న అడిగినవా? గా కల్వకుర్తి రోడ్డు పొంటే మంద కట్టిండ్రు."

ఎండాకాలం ఇక్కడి రైతులు ఎరువు కోసం గొర్రెలను రాత్రిళ్లు తమ చేలల్లో ఆపించుకుంటారు. మంద కట్టడమంటే అదే. గొర్రెల కాపరులు ఇంటిల్లిపాదీ మంద వెంటే పోతారు. మేం పొద్దున వచ్చింది కూడా ఆ రోడ్డు మీదే.

పత్తి పీకేసిన చేలో, గొర్రెల చుట్టూ కట్టే వల పక్కన, గుడ్డ నీడలో శివాని తల్లి దగ్గర కూర్చుని ఉంది.

"నీ బిడ్డ బూట్లు బండిల పెట్టుకొని తిరుగుతున్నం లక్ష్మమ్మా. ఫోనన్న ఎత్తవైతివి," అంది సుజాత.

"చేన్ల చార్జింగ్ యాడ పెట్టాలె సిస్టరమ్మా? గీ తెల్ల బండి దినాం గీ రోడ్డు మీదికెల్లే పోతది. హారన్ కొడ్తరు. నేనే గొర్లను పక్కకు తోలి దారిస్త."

సుజాత కింద కూర్చుని పాప కాలు ఒళ్లోకి తీసుకుంది. కొత్త బూటులో మడమ దిగలేదు. పాదం మళ్లీ లోపలికి తిరిగిపోయింది.

"మళ్ల పట్టీలేనా?" అంది లక్ష్మమ్మ. "వారం వారం పట్నమొస్తే మందను ఎవరు మేపుతరు?"

"మంద యాడుంటే ఆడికొచ్చి నేనే తీస్కపోత," అంది సుజాత.

"బూట్లు తెచ్చినట్టేనా?"

తిరుగు బస్సులో చాలాసేపు తిట్టుకున్నాను. ఎవరిని తిట్టాలో తెలిస్తే కాస్త తేలికయ్యేది. ఆ వ్యానులో బద్ధకస్తులు లేరు, చెడ్డవాళ్లు లేరు. అయినా ఆ పిల్ల పాదం వంకరపోయింది, నెలల తరబడి పట్టీలు మళ్లీ మొదటి నుంచి. పాప ఏడుపు భరించేది మాత్రం తల్లే.

ఇటువైపు పిల్లల కోసం వచ్చేవాళ్లకు ఒక్క మాట. ఎండాకాలంలో ఇంటి నంబరు పట్టుకుని తిరగకండి, మంద ఎక్కడ కట్టారో అడగండి. రోడ్డు మీద గొర్రెలు అడ్డమొస్తే హారన్ కొట్టకండి, బండి ఆపి దిగండి.