అమ్మకు చెప్పని బ్రేకుల సంగతి

మొన్న కారు సర్వీసుకిచ్చి అద్దాల గదిలో కూచుని ఉంటే, అక్కడి మెకానిక్ ప్లాస్టిక్ ట్రేలో పాత బ్రేకు ప్యాడ్లు రెండు పెట్టి తెచ్చి, "ఇవి అయిపోయాయి మేడం, మార్చేయమంటారా?" అని అడిగాడు. కాలిన ఇనుము, దారి దుమ్ము, మాడిన రబ్బరు కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలింది. మార్చమన్నాను. అతను వెళ్ళిపోయాక కూడా ఆ వాసన అక్కడే ఉంది, దానితోపాటు నేనూ పదకొండేళ్ళ పిల్లనై హిందూపురంలో మా ఇంటి అరుగు మీద ఉన్నాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. నాయనకు బాడుగకు తిప్పే ఒక పెద్దబండి ఉండేది. అలాంటివాటిని ఇప్పుడు ఎస్‌యూవీ అంటున్నారు గానీ మా వీధిలో అందరికీ అది పెద్దబండే. బెంగుళూరులో ఎవరో పదేళ్ళు వాడి వదిలేస్తే నాయన కొన్నాడు. లేత నీలం రంగు, వెనక ఎదురెదురుగా రెండు పొడుగు సీట్లు, ఎండాకాలంలో తొడలకు అంటుకుపోయే రెగ్జిను. పట్టు మార్కెట్టు నుంచి ముడిపట్టు మూటలు ధర్మవరం మగ్గాలకు వేసుకుపోయి, వచ్చేటప్పుడు పెళ్ళి చీరలు కొన్నవాళ్ళను ఎక్కించుకొచ్చేవాడు. అందుకే ఆ బండిలో ఎప్పుడూ పట్టుపురుగుల పచ్చివాసన, కొత్త చీరల గంజివాసన, డీజిలువాసన కలిసి ఉండేవి. నాయన గేటు దగ్గర హారను కొట్టకముందే బండి వస్తున్న చప్పుడును బట్టి అవ్వ పొయ్యి మీద చెంబు నీళ్ళు పెట్టేది.

ఆ ఏడు ఉగాదికి నెల ముందు నుంచి బండి ఆగేటప్పుడు సన్నగా కీచుమనేది. పలకమీద గోరు గీసినట్టుండే ఆ చప్పుడుకు అవ్వ పళ్ళు బిగించి చెవులు మూసుకునేది. అమ్మకు అప్పుడు ఏడో నెల. కాన్పుకు ధర్మవరంలో పుట్టింటికి పోవాలి. పండగయిన మూడోనాడు మంచిదని అవ్వ చెప్పింది. "ఆ బ్రేకులు మార్పించినాకనే నేను బండెక్కేది" అని అమ్మ తెగేసి చెప్పింది.

పండగకు ముందురోజు నాయన నన్ను వెంటబెట్టుకుని మెకానిక్ షెడ్డుకు పోయాడు. షెడ్డంటే నాకిష్టం. అక్కడ పారేసిన పాత ప్యాడ్లు ఏరుకొచ్చి మేము కుంటాటలో బిళ్ళగా వాడుకునేవాళ్ళం. వెనకరేకు బరువుకు అవి జారకుండా విసిరిన గడిలోనే నిలిచేవి. అన్నింటినీ చేత్తో పట్టి చూసినదాన్ని కాబట్టి రేకు మీద రాపిడికి అంటించిన లైనింగు ఎంత ఉంటే మంచివో ఎంత అరిగితే పారేస్తారో నాకు తెలుసు. ఆరోజు మెకానిక్ చక్రం విప్పి తీసిన ప్యాడు మీద లైనింగు అట్టముక్క మందాన కూడా లేదు. ఈ బండికి సరిపోయే సెట్టు తనదగ్గర లేదనీ, పండగ దాటాక బెంగుళూరు నుంచి రావాలనీ, నాలుగురోజులు పడుతుందనీ అతను చెప్పాడు. నాయన కాసేపు మీసం తడుముకున్నాడు. పండగకు రెండు పెళ్ళి బాడుగలు ఒప్పుకున్నాడు. తర్వాత, "అంతదాకా చప్పుడు రాకుండా రుద్దియ్యప్పా" అన్నాడు. గరుకు కాగితంతో రుద్ది అవే ప్యాడ్లు మళ్ళీ బిగించారు.

తిరిగి వచ్చేటప్పుడు బజారులో నాకు నన్నారి సోడా ఇప్పించి, "అమ్మకు చెప్పాకు పాపా. ఊరికే భయపడతాది" అన్నాడు.

పండగరోజు ఇల్లంతా వేపపూత వాసన. అవ్వ తెల్లారకముందే లేచి రోట్లో పూర్ణం రుబ్బి, అరిటాకు మీద నూనె రాసి చేత్తో తట్టి, పెనం మీద నెయ్యి చుట్టూ వేసి ఓళిగలు కాల్చింది. శనగపప్పు ఉడికించి వార్చిన నీళ్ళతో చారు కాచింది. మామూలుగా అయితే నాలుగు ఓళిగలు తిని అయిదోదానికి అరిచేదాన్ని. ఆరోజు అందరం వరసగా కూచున్నప్పుడు అమ్మ, "బ్రేకులు ఏం చేస్తివి?" అని అడిగింది. "మార్పించినా" అన్నాడు నాయన, ఓళిగ తుంచుకుంటూ. నా వైపు చూడలేదు. అమ్మ మాత్రం నన్ను చూసి, "నువ్వు కూడా పోయింటివి కదా?" అంది. నేను తల ఊపాను. పోయిన మాట నిజమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆకులో ఓళిగ అలాగే వదిలేసి లేచాను. ఆ రెండు రోజులూ కుంటాటకు పోలేదు, ప్యాడు బిళ్ళను తీసి నీళ్ళతొట్టి వెనక పారేశాను.

మూడోనాడు పొద్దున బయలుదేరాం. ముందుసీట్లో అమ్మ, వెనక నేను, ఓళిగల డబ్బా, అమ్మ బట్టల పెట్టె. హిందూపురం దాటేదాకా ఏ చప్పుడూ రాలేదు, నాయన ఏదో కూనిరాగం కూడా తీశాడు. సోమందేపల్లి దగ్గర ఒక బస్సు వెనక ఆగినప్పుడు మొదటిసారి వినిపించింది. కీచుమనే చప్పుడు కాదది, ఇనుము ఇనుమును గీరుతున్న మోత. అమ్మ నాయన వైపు తిరిగింది. "కొత్తవి కదా, కొంచెం అట్టనే ఉంటాది" అన్నాడాయన. నేను సీటు అంచును రెండు చేతులా పట్టుకున్నాను. ఇప్పుడే చెప్పాలి, ఆ చింతచెట్టు దాటేలోపు చెప్పాలి, ఆ మైలురాయి దగ్గర చెప్పాలి అనుకుంటూనే పోయాను. చెట్టూ రాయీ వెనక్కు పోయాయి.

పెనుకొండకు ఇంకా కొంతదూరం ఉందనగా రోడ్డు ఒక గుట్టను చుట్టి దిగుతుంది. సగం దిగాక కింద మలుపులో గొర్రెల మంద రోడ్డుకు అడ్డంగా కనబడింది, వాటి మధ్య గొంగడి భుజాన వేసుకున్న ఒక ముసలాయన. నాయన బ్రేకు తొక్కాడు. గీరిన మోత వచ్చింది, తర్వాత అదీ ఆగిపోయింది. ఆయన కాలు నేలదాకా పోయింది. ఎత్తి మళ్ళీ తొక్కాడు, మళ్ళీ తొక్కాడు. హారను మీద చెయ్యి పెట్టి, రెండో చేత్తో గేరు కిందికి లాగితే ఇంజను ఊళపెట్టింది. ముసలాయన తల తిప్పి చూశాడు గానీ ఆయన చుట్టూ గొర్రెలే, కదలడానికి దారి లేదు. "గట్టిగా పట్టుకోండి" అని నాయన చాలా నెమ్మదిగా అనడం నాకు గుర్తుంది. బండిని ఎడమకు కోసి గట్టు మీదుగా చేనులోకి దించాడు. చెనక్కాయలు పీకేసిన ఖాళీ చేను. ఓళిగల డబ్బా ఎగిరి నా మోకాలికి తగిలింది, ముళ్ళకంపలు అద్దాలను గీరాయి, ఎర్రదుమ్ములో ఏమీ కనబడలేదు. తర్వాత బండి దానంతటదే ఆగింది.

దుమ్ము దిగాక చూస్తే అమ్మ ఒక చేత్తో కడుపు పట్టుకుని, రెండో చేత్తో ముందరి డ్యాష్‌బోర్డును అదిమి ఉంది. గాజులు పగిలి మణికట్టు మీద రక్తం. నాయన "దెబ్బ తగిలిందా, దెబ్బ తగిలిందా" అని అదే మాట అంటున్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని, కడుపు మీద చేతిని అటూ ఇటూ జరుపుతూ దేనికోసమో వెతుకుతోంది. ఎంతసేపో తెలియదు. చివరికి, "కదులుతాండాది" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ముసలాయన కర్ర ఊపుకుంటూ, "ఏమప్పా, నిద్ర పోతాండావా బండి తోలుతా?" అని తిట్టుకుంటూ వచ్చాడు. అమ్మను చూసి తిట్టడం మానేసి, తన డబ్బాలోంచి నీళ్ళు పోసిచ్చాడు.

నాయన రోడ్డు మీద బస్సు ఆపి మమ్మల్ని ధర్మవరానికి ఎక్కించాడు. బండిని ట్రాక్టరుకు తాడు కట్టించి పెనుకొండలో షెడ్డుకు తీసుకుపోతానన్నాడు. అమ్మ మాత్రం పెనుకొండలో బస్సు దిగి, నా చెయ్యి పట్టుకుని, అడుగుతూ అడుగుతూ ఆ షెడ్డు దగ్గరికే వచ్చింది. మా తర్వాత కాసేపటికి నాయన వచ్చాడు. మమ్మల్ని చూసి, తెరిచిన బండి తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

షెడ్డాయన పేరు యేసురత్నం. యాభై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాలకు దారం కట్టుకున్నాడు. చక్రం విప్పి, ప్యాడు బయటికి తీసి, అమ్మ ఎదుటే నాయనకు చూపించాడు. "దీని మీద లైనింగు యాడుండాది? రేకే పోయి డిస్కును గీరింది. ప్యాడు ఇంత అరిగితే వెనకుండే పిస్టను బయటికొచ్చేసి బ్రేకు ఆయిలంతా కారిపోయింది. రుద్ది బిగించినారు దీన్ని. ఎవరప్పా చేసింది?"

అమ్మ ఆ ప్యాడు తీసుకుని తిప్పి చూసి, నా వైపు తిరిగింది. "నీకు తెలుసునా?"

నేను తల ఊపాను. ఈసారి మాటతో కూడా చెప్పాను. "తెలుసు."

అమ్మ నాయనతో అంది. "నాకు అబద్ధం చెప్పినావు, సరే. ఈ బిడ్డతో ఎందుకు మోయించినావు? రెండు దినాల్నుంచి తిండి తినకపోతే జరమొస్తాందేమో అనుకొంటి."

పక్క అంగడిలో ఒక సెట్టు దొరికింది. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది. నాయన దాన్ని పట్టుకోబోతే యేసురత్నం పాతదాని పక్కన పెట్టి చూపించాడు. రేకు కొసన బిగించే చెవి దగ్గర గోరంత తేడా. "ఆకురాయితో రాకితే పడతాది. కానీ ఒకపక్క తిని ఒకపక్క మిగులుతాది. అనంతపురానికి ఫోను చేస్తే సరైన సెట్టు మధ్యాహ్నం బస్సుకు వస్తాది. రెండు పక్కలా మార్చల్ల, ఒకపక్క మారిస్తే బండి లాగుతాది. పిస్టను రబ్బర్లు కూడా కొత్తవి పడాల. ఏం చేస్తావు?" నాయన అమ్మ వైపు చూశాడు. "సరైనదే రానీ" అంది అమ్మ.

మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాం. యేసురత్నం భార్య మజ్జిగ పంపింది, అమ్మ చితికిపోయిన ఓళిగలు వాళ్ళకిచ్చింది. సెట్టు వచ్చాక అమ్మ ముక్కాలిపీట చక్రం దగ్గరికి జరుపుకుని కూచుని ప్రతి బోల్టూ బిగిసేదాకా కళ్ళు తిప్పలేదు. కొత్త ప్యాడ్ల మీది లైనింగు నా చిటికెనవేలు కన్నా మందంగా ఉంది. డిస్కు సాన పట్టించి, కొత్త ఆయిలు పోసి, బ్రేకు గొట్టాల్లో గాలి తీసి, షెడ్డు ముందు రోడ్డు మీద యేసురత్నం బండిని పదిసార్లు తోలి పదిసార్లు ఆపాడు. "కొత్తవి కదమ్మా, రెండు మూడు దినాలు మెల్లగా తొక్కల్ల" అన్నాడు.

నాయన పాత టైరు మీద కూచుని ఉన్నాడు. నేను దగ్గరికి పోతే నా తలమీద చెయ్యి వేసి, "తప్పయింది పాపా" అన్నాడు. పెద్దవాళ్ళు పిల్లలతో ఆ మాట అంటారని నాకు అప్పటిదాకా తెలియదు. ధర్మవరం చేరేసరికి మగ్గాల చప్పుడు ఆగి వీధుల్లో దీపాలు పెడుతున్నారు. రెండు నెలలకు చెల్లెలు పుట్టింది. ఆ రోజు సంగతి ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పెద్దబండి తుక్కుకు పోయింది. యేసురత్నం షెడ్డున్న చోట ఇప్పుడు వెడల్పయిన రోడ్డుంది, అడిగినా ఎవరికీ ఆయన గుర్తులేడు. పోయినేడు చెల్లెలి పెళ్ళి చీరలకని నలుగురం ధర్మవరం పోయాం. చెల్లెలే తోలింది. పెనుకొండ ఇవతల గుట్టను తొలిచి రోడ్డు చదును చేశారు, ఆ దిగుడే లేదు. నాయన కిటికీలోంచి చూస్తూ, "ఈడనే కదా" అన్నాడు. "ఈడ కాదు, ఇంగా ముందర" అంది అమ్మ. ఇద్దరూ చెరొక కిటికీలోంచి వెతికారు.

"ఏముండాది ఈడ?" అంది చెల్లెలు.

అమ్మ చెప్పింది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఈ దారిలో బండి బ్రేకులు ఫేలయినాయి."

చెల్లెలు బండి వేగం తగ్గించింది. తర్వాత నాయన, "ఫేలు కాలేదు" అన్నాడు. "నేను మార్పించలేదు."